చెప్పి వచ్చే ఇల్లు

నందిగామలో మా మేనకోడలు శిరీష తన కొడుకుని తీసుకువెళ్ళే సెంటరు ఒక ఎరువుల కొట్టు పైన మేడ మీద ఉంది. కింద యూరియా వాసన, పైన కొత్త రబ్బరు చాపల వాసన, మధ్యలో మెట్ల మీద నా మోకాళ్ళ మూలుగు. నాలుగేళ్ళ విహాన్‌కి ఇంకా మాటలు రాలేదు. పిలిస్తే తిరిగి చూడడు. మిక్సీ తిప్పితే చెవులు మూసుకుని మంచం కిందికి దూరతాడు. సీసా మూతలన్నీ గడప పక్కన వరసగా పేరుస్తాడు, అందులో ఒక్కటి కదిలినా ఇల్లెగిరిపోయేలా ఏడుస్తాడు. దీనికి డాక్టరు ఒక పేరు చెప్పాడు. ఆ పేరు విన్న రోజు నుంచి శిరీష అత్తగారు విజయలక్ష్మి గారు దాన్ని ఇంట్లో ఎవరూ పలకకూడదని ఆర్డరు వేశారు. పలక్కపోతే అది చిన్నబుచ్చుకుని దానంతట అదే వెళ్ళిపోతుందని ఆవిడ ఉద్దేశం కాబోలు. తమ వంశంలో ఇలాంటివి లేవని కూడా ఆవిడ నాకు చాలాసార్లు చెప్పారు. వాళ్ళ మామగారి తమ్ముడొకాయన జీవితమంతా ఎవరితోనూ మాట్లాడకుండా పొలం గట్టు మీద రాళ్ళని సైజుల వారీగా పేర్చుకుంటూ గడిపాడట కదా అని ఒకసారి నేనంటే, "ఆయన వేరండీ, ఆయన పెద్దమనిషి" అన్నారు.

సెంటరు నడిపే అమ్మాయి పేరు సల్మా. మా జగ్గయ్యపేట పిల్లే. ఆ రోజు శిరీష నన్ను తోడు రమ్మంది. మా చెల్లెలు తిరుపతమ్మ కూడా వచ్చింది. బస్సులో కిటికీ పక్క సీటు ఇస్తామంటే అది ఎక్కడికైనా వస్తుంది. తల్లులకి చీవాట్లు పెట్టడం డాక్టర్లకీ టీచర్లకీ పుట్టుకతో వచ్చే విద్య కనుక నేను బిగుసుకుని కూర్చున్నాను. సల్మా మాత్రం ముందు శిరీష మొహం చూసి, పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నారా అమ్మా అని అడిగింది. ఈ నాలుగేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరేమో, శిరీష చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సల్మా ఆ ఏడుపు అయ్యేదాకా ఆగి, ఆ తర్వాత పిల్లాడికి దూరంగా నేల మీద చతికిలబడి, గోడతో చెబుతున్నట్టు "ఇక్కడ ఒక మూత పెడుతున్నా" అని చెప్పి మూత పెట్టింది. చాలాసేపటికి విహాన్ వచ్చి దాని పక్కన ఇంకోటి పెట్టాడు. అప్పుడు తల్లిని మెల్లగా అడిగింది, వీడిని ఎప్పుడైనా గట్టిగా పట్టుకుని ఏదన్నా చేయాల్సి వచ్చిందా అని. ఎందుకు రాదు? ఇంజెక్షనుకి పట్టుకున్నారు, గోళ్ళు తీయడానికి పట్టుకున్నారు, సెలూన్లో నలుగురు పట్టుకున్నారు. అప్పటి నుంచి వీధిలో మంగలి షాపు కనబడితే పిల్లాడు రోడ్డు మీద పడుకుంటున్నాడు.

"గట్టిగా పట్టుకుంటే ఆ పూటకి పనైపోతుందండీ. కానీ వాడి ఒళ్ళు మర్చిపోదు" అంది సల్మా. "ఏం చేసినా ముందు చెప్పండి. చెప్పి ఆగండి. వాడు సరేనన్నాకే ముట్టుకోండి."

నా పక్కన తిరుపతమ్మ సల్మా వైపు తేరిపార చూసింది. కొత్తవాళ్ళ ముందు నోరు విప్పని మనిషి "నాయనమ్మ" అంది. పాతికేళ్ళు నిండని ఆ పిల్ల కంగారుపడి, నేనా అండీ అని అడిగింది. మీరు కాదమ్మా, మా నాయనమ్మ ఇలాగే చెప్పేది, ఆవిడకి ఏ సర్టిఫికెట్టూ లేదు అన్నాను. సల్మా నవ్వి, మరి ఆవిడకి ఎవరు నేర్పారండీ అని అడిగింది. చిన్న ప్రశ్నే. జవాబు చెప్పడానికి మాత్రం బస్సు టైము చాలలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

జగ్గయ్యపేటలో మాది మిరపకాయల కమీషను వ్యాపారం. సీజన్లో ముందు వసారా నుంచి నట్టింటి దాకా బస్తాలే. మా ఇంటికొచ్చినవాళ్ళు ముందు తుమ్మి ఆ తర్వాత పలకరించేవాళ్ళు. నాన్న చొక్కాకి, అమ్మ తలగడకి, నా పలక గుడ్డకి కూడా ఆ ఘాటు అంటుకుని ఉండేది. ఇప్పటికీ మిరపకాయల మార్కెట్ యార్డు వైపు నుంచి గాలి వీస్తే నాకు కళ్ళు మండవు, ఆకలేస్తుంది. ఆ ఇంటికి యజమాని పేరుకి నాన్న, పెత్తనం నాయనమ్మది. తెల్లారకముందే లేచి, పేడనీళ్ళు చల్లి, బొగ్గుల పొయ్యి మీద కాఫీ పెట్టి, ఆ తర్వాత ఆవిడ మొదలుపెట్టే ప్రసారాలు రేడియో వార్తల కంటే నమ్మకంగా నడిచేవి.

"పాలు తెస్తున్నా. గడప దాటుతున్నా." "పోపు వేస్తున్నా, చిటపటలాడుద్ది." "తలుపు తీస్తున్నా, కిర్రుమంటది." "జడ వేస్తా. దువ్వెన కుడిచేతిలో ఉంది." ఇవన్నీ తిరుపతమ్మ కోసం. చెప్పడంతో అయిపోయేది కాదు, చెప్పి నాయనమ్మ గడప బయట నిలబడేది. లోపల్నుంచి "ఊఁ" అని వినిపిస్తే వెళ్ళేది. వినిపించకపోతే గ్లాసు చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చేసేది. పాలు చల్లారిపోతే మళ్ళీ కాచేది. కోడలి మీద, కొడుకు మీద, కూలీల మీద గయ్యిమని లేచే మనిషికి ఆ ఒక్క గడప దగ్గర ఎక్కడలేని ఓర్పూ వచ్చేది. క్రమంగా ఇంట్లో అందరికీ అదే అలవాటైంది. సొంత ఇంట్లోకి రావడానికి నాన్న వాకిట్లో నిలబడి, "నేనే. వస్తున్నా. చెప్పులు విడుస్తున్నా" అని పర్మిషను అడిగేవాడు. గాజులమ్మే బీబమ్మ సందు మొగలోనే ఆగి, "గాజులు తెచ్చా, గలగలమంటయ్యి" అని హెచ్చరించేది. వీధిలో మాకు 'వస్తున్నా వాళ్ళిల్లు' అని పేరు పడింది. మీ ఇంటికి దొంగలు కూడా చెప్పే వస్తారటగా అని బళ్ళో నన్ను ఏడిపించేవాళ్ళు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వియ్యాలవారు మొహం మీదే అనేవాళ్ళు. రెడ్డిగూడెం నుంచి వచ్చిన ఓ బంధువు, చిన్నపిల్ల "ఊఁ" అనేదాకా తనని వసారాలో నిలబెట్టారని అలిగి, ఈ గడప మళ్ళీ తొక్కనని శపథం చేసి వెళ్ళాడు. పోయేదాకా తొక్కలేదు. మా చుట్టాల్లో అన్నమాట నిలబెట్టుకున్నవాళ్ళు తక్కువ కనుక ఆయన్ని అందరం గౌరవంగా తలుచుకుంటాం.

ఇదంతా విని మా నాయనమ్మ పుట్టుకతోనే మర్యాదస్తురాలని అనుకోవద్దు. తిరుపతమ్మకి మూడేళ్ళప్పుడు అమ్మ పురిటికి చెవిటికల్లులో పుట్టింటికి వెళ్ళింది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టిన పిల్ల, అందుకే ఆ పేరు. ఆ పిల్లకి మాటలు రాలేదు, పిలిస్తే పలకదు, బస్తా కింద పడిన చప్పుడైతే స్పృహ తప్పేలా ఏడుస్తుంది. బాలగ్రహం అన్నారు ఇరుగుపొరుగు. గ్రహానికి వాతలు పెట్టించడం అప్పటి వైద్యం. ఇప్పుడు స్కానింగులకి రాసినట్టే అప్పుడు పసుపు కొమ్ముకి రాసేవాళ్ళు. పక్క ఊరి నుంచి ఓ ముసలాయన్ని పిలిపించారు. నాన్న యార్డు పని గుర్తొచ్చి బయటికి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఏదన్నా జరగబోతుంటే మగవాళ్ళకి పని గుర్తురావడం మా వైపు పాత ఆనవాయితీ. మధ్యాహ్నం అన్నం తిని పిల్ల నాయనమ్మ ఒళ్ళో నిద్రపోయింది. మెలకువలో అయితే తల్లడిల్లుతుంది, నిద్రలోనే కానిచ్చేయండి, తెలియను కూడా తెలియదు అని నాయనమ్మే జాలిపడి చెప్పింది. ముసలాయన కొమ్ము కాల్చి ఎడమ ముంజేతి మీద పెట్టాడు. అప్పటి ఆ కేకని నేను వర్ణించను. కాలిన పసుపు వాసన మాత్రం ఇప్పటికీ నాకు పడదు. పెళ్ళిళ్ళలో పసుపు దంచుతుంటే లేచి అవతలికి వెళతాను.

కొత్తగా పుట్టిన తమ్ముణ్ణి ఎత్తుకుని అమ్మ తిరిగొచ్చేసరికి పుండు మాని మచ్చ మిగిలింది. అమ్మ అత్తగారికి ఎదురు చెప్పి ఎరగదు. ఆ రోజు మచ్చ చూసి, ఇది మెలకువగా ఉండగా పెట్టించారా అత్తయ్యా, నిద్రలోనా అని మాత్రం అడిగింది. నిద్రలోనేనమ్మా, నొప్పి తెలియకుండా అని నాయనమ్మ చెప్పింది.

"అయితే ఇక అది ఎప్పుడు నిద్రపోవాలి అత్తయ్యా?" అంది అమ్మ.

అంతే అంది. నాయనమ్మ ఆ పూట అన్నం తినలేదు. అప్పటికే పిల్ల నిద్రపోవడం మానేసింది, అంటే మనుషుల ముందు మానేసింది. మిరపకాయల బస్తాల వెనక ఇరుకులో దూరి, అక్కడ ఎప్పుడో కునుకు తీసేది. ఎవరు దగ్గరికెళ్ళినా కరిచేది. నాయనమ్మ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు బెల్లం ముక్క పట్టుకుని వెళితే, బెల్లం వదిలేసి చేతిని కరిచింది. అరిసె ఇచ్చింది, బొమ్మ ఇచ్చింది, మొక్కులు మొక్కింది. ఒక రోజు బస్తాల దగ్గరికి వెళుతుంటే ఆ ఘాటుకి నాయనమ్మకి ఆగకుండా తుమ్ములొచ్చాయి. తుమ్మితే ప్రయాణం మానుకునే మనిషి ఆవిడ. అపశకునమని అక్కడే కూలబడింది. ఎదురుగా చూస్తే పిల్ల అరవలేదు, కరవలేదు, బస్తా చాటు నుంచి తొంగి చూస్తోంది. తుమ్ము విని, వచ్చేది ఎవరో ముందే తెలుసుకుంది. మర్నాడు నాయనమ్మ కావాలని దూరం నుంచే తుమ్మింది. ఆ తర్వాత తుమ్ముకి బదులు మాట పెట్టింది. అలా మా ఇంటి పద్ధతి ఒక అపశకునంతో మొదలైంది.

ఏడాదో రెండేళ్ళో గడిచాక, ఒక పొద్దున నాయనమ్మ గడప దగ్గర నిలబడి గొంతు సవరించుకునే లోపే, లోపల్నుంచి "వస్తున్నా" అని వినిపించింది. తిరుపతమ్మ మొదటి మాట అదే. అమ్మా అనలేదు, అత్తా అనలేదు. నాన్న వసారాలో పంచె చెంగుతో కళ్ళు తుడుచుకుని, మిరప ఘాటు ఎక్కువైందని బుకాయించాడు. ఆ తర్వాత మాటలు వచ్చాయి, తక్కువగా, అవసరానికి తగినన్ని. ఇంటెడు బట్టలు మడత నలగకుండా పెట్టడం, మిరపకాయల్ని రంగు చూసి ఏరడం, బస్సు కిటికీలోంచి ఊళ్ళు చూడడం వచ్చాయి. నాయనమ్మ ముసలిదై మంచాన పడ్డప్పుడు, "నీళ్ళు తెస్తున్నా. తల ఎత్తుతా" అని చెప్పి, ఆగి, తాగించింది తిరుపతమ్మే. జుట్టు దువ్వనిచ్చింది, చెయ్యి పట్టుకోనిచ్చింది. కానీ నాయనమ్మ ఒళ్ళో మళ్ళీ నిద్రపోలేదు. నాయనమ్మ ఎదురుగానే కాదు, మా ఎవరి ఎదురుగానూ నిద్రపోలేదు. ఇప్పటికీ గదికి గడియ పెట్టుకునే పడుకుంటుంది. అరవై దాటిన నా చెల్లెలు నిద్రలో ఎలా ఉంటుందో నాకు తెలియదు. నాయనమ్మకి అన్నీ తిరిగి దక్కాయి, ఆ ఒక్కటి దక్కలేదు. ఆవిడ దాని గురించి ఎప్పుడూ ఏడవలేదు, క్షమించమనీ అడగలేదు. గడప దగ్గర ఆగడం మాత్రం పోయేదాకా మానలేదు.

ఇప్పటి కాలం ఆ కాలం కంటే చాలా ముందుకెళ్ళిందని అందరూ అంటారు, నేనూ ఒప్పుకుంటాను. వాతలు పెట్టే ముసలాయన లేడు. ఆయన బదులు ఫోనులో చుట్టాలందరూ తలొక వీడియో పంపుతారు. ఈ పొడి పట్టించండి, ఆ నూనె రాయండి, టీవీ చూపించి చెడగొట్టారు, ఉద్యోగం చేసే తల్లి అయితే ఇంతే మరి. ఇవీ వాతలే, కాకపోతే తల్లికి పెడతారు. కొట్టు మీద మేడ ఎక్కి, ముందు చెప్పండి, చెప్పి ఆగండి అని ఓ పిల్ల నేర్పుతుంటే నేర్చుకునే రోజులు వచ్చాయి, అదీ నిజమే. మా అమ్మకి అలాంటి పిల్ల ఒక్కతి దొరికుంటే, నువ్వు తిన్నావా అని ఒక్కరు అడిగి ఉంటే ఎంత బాగుండేదో అని ఆ రోజు బస్సులో నాకు దుఃఖం వచ్చింది.

విహాన్ తలనీలాలు ఇవ్వడం అప్పటికే ఆలస్యమైంది. వేదాద్రి స్వామికి మొక్కు. గుండు వద్దని, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి మూడు కత్తెర్లు వేయించి ఊరుకుందామని శిరీష బతిమాలి అత్తగారిని ఒప్పించింది. సల్మా చెప్పినట్టు రోజూ కత్తెర చూపించి, దాంతో కాయితాలు కత్తిరించి అలవాటు చేస్తోంది. పిల్లాడు కత్తెరని పట్టుకునేదాకా వచ్చాడు, తల మీదికి రానిచ్చేదాకా రాలేదు. ఇంకొన్నాళ్ళు ఆగుదామంటే విజయలక్ష్మి గారు ముహూర్తం పెట్టించేశారు. స్వామి పేరు చెబితే ఎవరు కాదంటారు? నందిగామ నుంచి కారులో వస్తూ చిల్లకల్లు దగ్గర నన్నూ తిరుపతమ్మనీ ఎక్కించుకున్నారు. అక్కడి నుంచి కృష్ణ ఒడ్డున గుడికి చేరేలోపు పిల్లాడు తల్లి ఒళ్ళో నిద్రపోయాడు.

కారు ఆగగానే విజయలక్ష్మి గారు వెనక్కి తిరిగి చూసి, మొహం చేటంత చేసుకుని స్వామికి దణ్ణం పెట్టారు. "లేపకండి. ఇలాగే మేనమామ ఒళ్ళో పెట్టండి, మూడు కత్తెర్లు వేసేద్దాం. వాడికి తెలియను కూడా తెలియదు" అన్నారు. కారులో అందరి ప్రాణాలూ లేచివచ్చాయి. ఇంత తేలికైన ఉపాయం ముందే ఎందుకు తట్టలేదా అన్నట్టు మొహాలు చూసుకున్నారు. ఆవిడ మాటలో దయ తప్ప ఇంకేమీ లేదు. ఆ దయని నేను ఇదివరకు ఎక్కడ చూశానో నాకు గుర్తొచ్చేలోపే ఆవిడ సంచిలోంచి కత్తెర తీశారు. తిరుపతమ్మ సీటు అంచుకి జరిగింది. పిల్లాణ్ణి ముట్టుకోలేదు. వాడి చెవి దగ్గరికి వంగి, నాయనమ్మ గొంతుతో చెప్పింది.

"లే. కత్తెర వస్తుంది. లే."

విహాన్ కళ్ళు తెరిచాడు, కత్తెర చూశాడు, రేవంతా వినబడేలా కేకపెట్టాడు. మేనమామ పట్టుకోబోతే తన్నాడు. పండూ పూలూ కింద పడ్డాయి. విజయలక్ష్మి గారి కోపం కట్టలు తెంచుకుంది. పిచ్చిదాన్ని శుభకార్యానికి ఎవరు తీసుకురమ్మన్నారని అందరి ముందూ అనేశారు. నేను నోరు తెరవబోయాను. తిరుపతమ్మ నా వైపు చూడకుండా ఎడమ చేతి గాజులు పైకి లాక్కుని, ముంజేయి ఆవిడ ముందుకి చాచింది. "నిద్రలో" అంది. ఆవిడకి అర్థం కాలేదు. పసుపు కొమ్ము సంగతి, మా అమ్మ అడిగిన మాట నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఆవిడ ఆ మచ్చ వైపు చాలాసేపు చూశారు. అప్పుడు శిరీష, పెళ్ళయిన దగ్గర్నుంచీ అత్తగారి మాటకి తలూపడమే తప్ప ఎరగని పిల్ల, ఇవాళ వద్దత్తయ్యా, ఇంటికి వెళదాం అంది. కొబ్బరికాయ కొట్టుకుని జుట్టుతోనే తిరిగొచ్చాం. చిల్లకల్లులో మేం దిగుతుంటే విజయలక్ష్మి గారు వెళ్ళొస్తామనలేదు. ఇక ఆ ఇంటితో రాకపోకలు తెగినట్టేనని, శిరీషకి ఆ ఇంట్లో రోజులెలా గడుస్తాయోనని నేను చాలా బెంగపెట్టుకున్నాను.

తర్వాత ఎండలు ముదిరాక ఒక రోజు, మా గేటు దగ్గర కారు ఆగింది. విజయలక్ష్మి గారు మనవడి పక్కన నిలబడి, "వదినగారూ, మేమండీ. లోపలికి వస్తున్నాం" అన్నారు. రండి రండి అన్నాను. ఆవిడ కదల్లేదు. "మీరు కాదండీ, తిరుపతమ్మ గారు చెప్పాలి" అన్నారు. ఎండలో నడినెత్తి మాడుతున్నా అలాగే నిలబడ్డారు. చాలాసేపటికి గదిలోంచి "ఊఁ" అని వినిపించింది. విహాన్ జుట్టు భుజాల దాకా పెరిగింది. కత్తెర వాడి చేతిలోనే ఉంది, ఈ మధ్య అదే ఆటవస్తువట. మొక్కు సంగతేమిటని అడిగాను. "స్వామికి చెప్పుకున్నానండీ, వాడు సరేనన్నాక తీసుకొస్తానని" అన్నారు. మరి స్వామి ఏమన్నారంటే, ఆయన ఆగుతాడట. మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్ళ మామగారి తమ్ముడి సంగతి ఆవిడే ఎత్తారు. పాపం ఆయన చుట్టూ కూడా ఎవరన్నా చెప్పి నడిచుంటే బాగుండేదేమోనండీ అన్నారు.

భోజనాలయ్యాక పిల్లాడు కనబడలేదు. వెతుక్కుంటూ వెళితే తిరుపతమ్మ గది తలుపు బార్లా తీసి ఉంది. చాప మీద, వరసగా పేర్చిన మూతల పక్కన, విహాన్ నిద్రపోతున్నాడు. వాడికి అటువైపు, మచ్చ ఉన్న చెయ్యి తలకింద పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, నా చెల్లెలు నిద్రపోతోంది. దాని మొహం మూడేళ్ళ పిల్ల మొహంలాగే ఉంది. ఫ్యాను గాలికి దాని పమిట జారుతోంది. దుప్పటి కప్పుదామని తెచ్చి, గడప దగ్గర ఆగి, వినీ వినబడనట్టు "వస్తున్నా" అన్నాను. జవాబు రాలేదు. జవాబు రాకపోతే లోపలికి వెళ్ళడం మా ఇంట్లో లేదు. దుప్పటి చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చేశాను.